కత్తెర తోక పక్షి వచ్చిన ఉదయం

అతని కోసం సర్దిన బ్యాగుని ఆమె మళ్లీ విప్పింది.

"ఇప్పుడేమైంది?" అంది అతని అక్క, కుట్టుమిషను ఆపకుండానే.

"స్వెట్టరు అడుక్కి పోయిందక్కా. చలేస్తే మొత్తం తవ్వుకోవాలి."

"వాడికి చలేస్తోందని పక్కనుంచి ఎవరైనా చెప్పాలి. ఎదురుగా పిట్ట ఉంటే కాలి చెప్పు తెగినా చూసుకోడు."

కిటికీ గట్టు మీద కూర్చుని బైనాక్యులర్ అద్దాలు తుడుచుకుంటున్న తమ్ముడు, ఆ మాటలు ఇంకెవరి గురించో అన్నట్టు మొహం పెట్టాడు. పొడుగాటి కాళ్లు, ముందుకి సాగిన మెడ. చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు కొంగ. ఇప్పుడు ఊళ్లో అందరూ అలాగే పిలుస్తారు.

"టార్చి?" అడిగింది ఆమె.

"పెట్టావు."

"జ్వరం మాత్రలు?"

"పెట్టావు. నువ్వు కూడా ఇందులో పడతావేమో చూడరాదూ?"

"జిప్పు పట్టదు."

"ఏయ్, నేనిక్కడే ఉన్నాను," అంది అక్క, మూతి బిగించి నవ్వాపుకుంటూ.

ఆమె నవ్వలేదు. మడతలన్నీ తీసి మళ్లీ వేసింది. ఆమె స్కూల్లో చదివేరోజుల్లో అమ్మ ఇలాగే చిన్న బ్యాగు సర్దుకుని ఆపరేషన్‌కని ఆస్పత్రికి వెళ్లింది. బ్యాగు ఒక్కటే ఇంటికొచ్చింది. అప్పట్నుంచీ ఎవరు బ్యాగు సర్దుకున్నా ఆమెకి గుండెలో రాయి పడుతుంది.

ఆ సాయంత్రం పడవకి కొంగ వెళ్లిపోతున్నాడు, నడిసముద్రంలో ఉన్న పక్షుల దీవికి. అక్కడ గూళ్లు లెక్కపెట్టే పని. ఈ సీజను సవ్యంగా చేస్తే ఉద్యోగం పర్మనెంట్ చేస్తామన్నారు. పర్మనెంట్ అయితే గానీ పిల్లనివ్వనని ఆమె నాన్న అన్నాడు.

"మీ నాన్న అడిగినదాంట్లో తప్పేం ఉంది?" అన్నాడు కొంగ, ఆమె మొహం చూసి. "పిట్టల్ని చూసేవాడికి ఎవరైనా పిల్లనిస్తారా? నేనైతే ఇవ్వను."

"నువ్వు మాట్లాడకు," అంది ఆమె. బ్యాగు జిప్పు బలంగా లాగింది.

*

వాళ్ల పరిచయం గొడవతోనే మొదలైంది.

ఊళ్లో చిన్న రేడియో స్టేషను ఉంది. రెండే గదులు. శబ్దం బయటికి పోకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. అక్కడ ఆమె అనౌన్సరు. ప్రతి గురువారం పొద్దున తీరం పొడుగునా ఏ అరుదైన పక్షి ఎక్కడ కనిపించిందో చదివి వినిపిస్తుంది. జనం ఫోన్లు చేసి చెబుతారు, ఆమె ప్రోగ్రాం తయారు చేస్తుంది.

దానికో రూలుంది. ఒక్కరు చూశామంటే చాలదు. ఇంకొకరు వెళ్లి చూసి, అవును అదే అనాలి. అంతదాకా ఆ సంగతి బయట ఎవరికీ చెప్పకూడదు, ఇంట్లోవాళ్లకి కూడా. ఒకప్పుడు ఎవరో తుమ్మచెట్టు మీద తెల్ల గుడ్లగూబ అని ఫోన్ చేస్తే ఆత్రంగా చదివేశారట. రెండు బస్సుల జనం కెమెరాలతో వెళ్లి, కొమ్మకి చిక్కుకున్న ప్లాస్టిక్ సంచిని ఫొటోలు తీసుకొచ్చారు. ఆ పరువు నష్టం తర్వాత వచ్చిన రూలు ఇది.

ఓ చలికాలం పొద్దున కొంగ స్టేషన్లోకి బురద కాళ్లతో వచ్చాడు.

"చెంచా ముక్కు ఉల్లంకిని చూశానండీ! పిచ్చుకంత ఉంది. ముక్కు చివర అచ్చం చెంచా. ఇవాళే చదివేయండి."

"ఇంకెవరు చూశారు?"

"ఎవరూ లేరు. నేనొక్కణ్ణే."

"అయితే కుదరదు. రెండో కన్ను కావాలి."

"నాకు రెండు కళ్లూ ఉన్నాయండీ. బాగానే పనిచేస్తాయి."

"సంతోషం. ఇంకో మనిషివి కావాలి."

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా?"

"నేనలా అన్నానా? కాళ్లు బయట కడుక్కోండి ముందు. ఇప్పుడే తుడిచాను."

అతను గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "అయితే రూల్స్ మేడం, ఆ రెండో కన్నేదో మీరే అవ్వండి. రేపు పొద్దున బురద మైదానం దగ్గరుంటాను. భయమేస్తే రావద్దు."

భయమేస్తే రావద్దనడంతోనే ఆమె వెళ్లింది.

ఆ రోజు పిట్ట రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాతి రోజు అకాల వర్షం వచ్చింది. ఇద్దరికీ ఒకటే గొడుగు. అతని పొడుగుకి గొడుగు ఎత్తి పడితే ఆమె తడుస్తుంది, ఆమె ఎత్తుకి దించితే అతని తల తగులుతుంది. చివరికి అతను మోకాళ్ల మీద బురదలో కూర్చున్నాడు.

"ఇంత అవస్థ దేనికండీ?" అంది ఆమె.

"రెండో కన్ను తడిస్తే మసకేస్తుంది కదా," అన్నాడు అతను.

ఆమె పక్కకి తిరిగి నవ్వుకుంది. అతను చూడనట్టు చూశాడు.

కాలక్షేపానికి అతను పక్షుల కబుర్లు చెప్పేవాడు. ఆమెకి అన్నిట్లోకీ బాగా గుర్తుండిపోయింది కత్తెర తోక పక్షి. నల్లటి పొడుగు రెక్కలు, కత్తెరలా చీలిన తోక. ఆ దీవి చెట్ల మీదే గూడు.

"సముద్రం మీదే బతుకు, కానీ నీళ్ల మీద దిగలేదు. దిగితే రెక్కలు తడిసిపోతాయి. నేల మీద సరిగ్గా నడవనూ లేదు. ఎప్పుడూ గాల్లోనే."

"పాపం. ఇక్కడికెప్పుడైనా వస్తుందా?"

"రాదు. వచ్చిందంటే దాని ఇష్టంతో రాలేదని అర్థం. అక్కడ పెద్ద గాలి లేచి తరిమేస్తే కొట్టుకొచ్చిందని."

"నాకు చూడాలనుంది."

"చూడకపోతేనే మంచిది మేడం," అన్నాడు. అంతలోనే ఆమె చెయ్యి పట్టి లాగాడు. "అదిగో! ఆ పెంకు పక్కన! చూశారా, చెంచా!"

చూసింది. కానీ అతను వదలని తన చేతినే ఎక్కువసేపు చూసింది.

*

దీవికీ ఊరికీ మధ్య ఒకటే దారి, హార్బరు ఆఫీసులో ఉన్న వైర్‌లెస్ సెట్టు. దాన్ని చూసుకునే పెద్దాయన్ని అందరూ వైర్‌లెస్ బాబాయ్ అంటారు. కొంగ వెళ్లాక రోజూ పొద్దున ఆమె డ్యూటీకి వెళ్లేముందు అక్కడికి వెళ్లేది. ఒకరు మాట్లాడి ఓవర్ అంటే గానీ రెండోవారు మాట్లాడటానికి ఉండదు. పైగా సముద్రం మీదున్న పడవలన్నీ వింటాయి.

"తిన్నావా? ఓవర్."

"తిన్నాను. నువ్వు? ఓవర్."

"తిన్నాను. స్వెట్టరు వేసుకుంటున్నావా? ఓవర్."

"ఇక్కడ పక్షులన్నీ నన్ను అదే అడుగుతున్నాయి. ఓవర్."

ఎక్కణ్ణుంచో ఓ పడవతను కలగజేసుకునేవాడు. "ఎన్నాళ్లమ్మా ఈ తిన్నావా తిన్నాను? మాకు బోరు కొడుతోంది. ఏదైనా మంచి మాట చెప్పుకోండి, ఓవర్." బాబాయ్ పేపరు అడ్డం పెట్టుకుని నవ్వేవాడు.

ఇంటికొచ్చేసరికి ఆ నవ్వంతా ఆవిరైపోయేది. ఆమెకి అన్నం సహించేది కాదు. కిటికీ రెక్క కొట్టుకుంటే చాలు, గాలి ఎటునుంచో లేచి చూసేది. ఆమె నాన్న గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని చిన్న చిన్న చక్రాల మధ్య బతికే మనిషి. కూతురు కంచం ముందు కూర్చుని మెతుకులు కెలకడం ఆయన ఎన్నాళ్లో చూశాడు.

అక్టోబరులో ఓ పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటూంటే ఆయన కూడా గొడుగు తీశాడు.

"నువ్వెక్కడికి నాన్నా?"

"పద."

హార్బరు ఆఫీసులో ఆయన మైకు అందుకున్నాడు. దాన్ని కూడా బాగుచేయాల్సిన వస్తువేమో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాబూ, నేను. అమ్మాయి వాళ్ల నాన్నని." ఆగాడు. "అక్కడ వినబడుతోందా?"

"ఓవర్ అనాలి నాన్నా."

"ఓవర్."

దీవి నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది. తర్వాత, "నమస్కారమండీ. ఓవర్."

"పర్మనెంటూ గిర్మనెంటూ నాకేం వద్దు బాబూ. ఇక్కడ పిల్ల తిండి మానేసింది. నువ్వొచ్చెయ్. పెళ్లి చేసేద్దాం." మళ్లీ కూతురి వైపు చూసి, "ఓవర్," అన్నాడు.

సముద్రం మీద పడవలన్నీ ఒక్కసారి గోల చేశాయి. ఎవరో ఈల వేశారు. "భోజనాలకి మమ్మల్ని పిలవకపోతే ఊరుకోం, ఓవర్!" అని ఎవరో అరిచారు. బాబాయ్ కళ్లు తుడుచుకున్నాడు. ఆమె మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

సరుకుల పెద్ద పడవ రావడానికి ఇంకా పది రోజులుంది. దీవి పక్కన చేపలు పట్టే అన్నదమ్ములిద్దరు మర్నాడు ఊరికి వస్తున్నారట. వాళ్ల చిన్న పడవలో వచ్చేస్తానన్నాడు కొంగ.

"వద్దు. పెద్ద పడవకే రా. ఓవర్."

"మావయ్యగారు రమ్మన్నారు. కాదంటే మర్యాదగా ఉండదు. ఓవర్."

అల్పపీడనం ఏదో ఉంది గానీ దూరంగా పోతుందని వాతావరణ సూచనలో చెప్పారు. ఆమె నాన్న, "రానీవే, పది రోజులు నువ్వు తినకుండా ఉండగలవా?" అన్నాడు.

*

మర్నాడు గురువారం. ప్రోగ్రాం ఉండే రోజు.

తెల్లారుతూనే స్టేషనుకి ఫోను వచ్చింది. బస్సు కండక్టరు. డిపో రేకుల మీద ఏదో పెద్ద నల్ల పక్షి కూర్చుందట. ఎగరడం లేదట. తోక కత్తెరలా ఉందట.

ఆమె ఫోను పెట్టేసి లేచి నిలబడింది. కత్తెర తోక పక్షి! ఈ ఊరి బస్సు డిపోలో! ఇన్నేళ్లలో ఎవరూ ఈ తీరం మీద చూసింది లేదు. దీన్ని చదివిన మొదటి అనౌన్సరు తనే అవుతుంది. సాయంత్రం అతను పడవ దిగగానే చెయ్యి పట్టుకుని డిపోకి లాక్కెళ్లి చూపిస్తే అతని మొహం ఎలా ఉంటుందో!

ఉరుకులు పరుగుల మీద హార్బరు ఆఫీసుకి వెళ్లింది. అతను అప్పటికే లైన్లో ఉన్నాడు.

"బయల్దేరుతున్నాం. ఇక్కడ గాలే లేదు, సముద్రం అద్దంలా ఉంది. పక్షులే ఎందుకో కనబడ్డం లేదు. అక్కడేమైనా విశేషాలున్నాయా? ఓవర్."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చూసింది ఒక్కడే. కండక్టరు. రెండో కన్ను పడలేదు. పడనిది చెప్పకూడదు. అందులోనూ వైర్‌లెస్‌లో, ఇన్ని పడవలు వింటూండగా.

"విశేషాలేం లేవు," అంది, నవ్వు దాచుకుంటూ. "నువ్వు త్వరగా రా. ఓవర్."

"వస్తున్నా. ఓవర్."

ఆమెకి తెలియక కాదు. ఆ పక్షి తీరానికి వస్తే దాని వెనక ఏం వస్తుందో అతనే ఆమెకి చెప్పాడు. తెలిసీ తట్టలేదు. సంబరం అడ్డం వచ్చింది.

డిపోకి వెళ్లింది. నిచ్చెన వేయించుకుని ఎక్కి దగ్గరగా చూసింది. రెక్కలు వేలాడేసుకుని, ముక్కు తెరిచి రొప్పుతోంది. అదే. స్టేషనుకి తిరిగి వచ్చేసరికి ఫోను మోగుతూనే ఉంది. ఉత్తరాన ఉప్పు మడుల్లో రెండు కత్తెర తోకలు. బడి మైదానంలో ఎన్నడూ చూడని పొడుగు తెల్ల తోక సముద్రపక్షి. దక్షిణాన చేపల మార్కెట్ కప్పు మీద ఏడెనిమిది నల్ల పక్షులు, జనం గుమిగూడి చూస్తున్నారు. ఒకరికొకరు సాక్షులు. దేనికీ లోటు లేదు.

ఆమె మైకు ముందు కూర్చుని ఉత్సాహంగా మొదలెట్టింది. "శ్రోతలందరికీ నమస్కారం. మన తీరంలో ఇంతటి అపురూపమైన ఉదయం ఇంతకుముందు లేదు..." ఒక్కో ఊరూ, ఒక్కో పక్షీ చదువుకుంటూ వచ్చింది. చేపల మార్కెట్ దాకా వచ్చేసరికి గొంతు ఆగిపోయింది.

ఇవన్నీ నడిసముద్రంలో ఉండాల్సినవి. ఒకటి దారి తప్పుతుంది. ఇన్ని దారి తప్పవు. దీవి మొత్తం ఖాళీ చేసుకుని వచ్చేశాయి.

రేడియోలో నిశ్శబ్దం అలాగే ప్రసారమైంది. అవతలి గదిలోంచి ఇంజనీరు చేతులు ఊపాడు. ఆమె కుర్చీ తన్నేసి హార్బరు ఆఫీసుకి పరుగెత్తింది.

"బాబాయ్! వాళ్లని వెనక్కి తిరగమనండి! గాలి వస్తోంది, వెనక్కి తిరగమనండి!"

బాబాయ్ ఆమె మొహం చూసి పేపరు పక్కన పడేశాడు. సెట్టు అందుకున్నాడు. పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మైకు ఆమె లాక్కుంది.

"నేను. వినబడుతోందా? ఓవర్."

బుస్సుమని శబ్దం.

"విశేషాలున్నాయి. విను. చాలా ఉన్నాయి. పొద్దున చెప్పలేదు. వెనక్కి వెళ్లిపో. దీవికి వెళ్లిపో. ఓవర్."

మధ్యాహ్నానికి హార్బరు కిటికీలు అదరడం మొదలైంది. గాలి ఊళ్లోకి వచ్చింది. ఆమె ఓవర్ అంటూనే ఉంది. తీరం దగ్గరున్న పడవలన్నీ ఒక్కొక్కటే గొంతు కలిపి పిలిచాయి. నిన్న ఈల వేసినవాడూ పిలిచాడు. చివరికి అక్క వచ్చి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి మైకు తీసుకుంది.

"అక్కా, పొద్దున నన్ను అడిగాడు. విశేషాలున్నాయా అని అడిగాడు. లేవన్నాను."

అక్క ఆమె తలని తన పొట్టకేసి అదుముకుంది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది.

గాలి తగ్గాక వెతకడానికి పడవలు వెళ్లాయి. ఆమె నాన్న కొట్టు మూసేసి రోజూ హార్బరుకి వచ్చేవాడు. దిగిన ప్రతి పడవతన్నీ అడిగేవాడు. "ఏమైనా కనబడిందా బాబూ?" అడిగి, జవాబు వినకముందే, "నేనే రమ్మన్నాను," అనేవాడు. ఆ మాట ఆయన చేత అనిపించకుండా ఉండాలంటే గురువారం పొద్దున తను అన్న మాట ఆయనకి చెప్పాలి. ఆమె చెప్పింది. ఆయన విన్నాడు. కూతురి చెయ్యి పట్టుకుని, "అయినా రమ్మన్నది నేనే కదమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసే వెళ్లి నిలబడేవాళ్లు.

మూడో రోజున సముద్రం మళ్లీ అద్దంలా అయింది. డిపో రేకుల మీది పక్షి తేరుకుని, రెండు చుట్లు తిరిగి, దీవి వైపు ఎగిరిపోయింది. ఉప్పు మడుల్లోవీ, మార్కెట్ మీదవీ ఒక్కొక్కటే వెళ్లిపోయాయి.

అక్టోబరు పధ్నాలుగు, గురువారం పొద్దున దీవి నుంచి బయల్దేరిన చిన్న పడవ రాలేదు. అందులో ఉన్న అన్నదమ్ములిద్దరూ రాలేదు. కొంగ రాలేదు.