షరఫియాలో శుక్రవారం వార్తలు

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మనవాళ్లు జిద్దాలో షరఫియా పేటలోని బాబ్జాన్ హోటల్‌కి రెండు పనుల మీద వస్తారు. ఒకటి రాగిసంగటి, మటన్ పులుసు. రెండోది కాలేషా. సంగటి ఒక్కోసారి ఉండలు కట్టినా, కాలేషా మాత్రం ఎప్పుడూ మంచి ఊపు మీద ఉంటాడు.

కాలేషా ఏసీ మెకానిక్. ఊరు రాయచోటి. హోటల్‌కి వచ్చేవాళ్లలో చాలామంది ఉర్దూ మీడియంలో చదివారు. తెలుగు గడగడా మాట్లాడతారు గానీ అక్షరాలు కూడబలుక్కోవాలి. అందుకని ఫోన్‌లో జిల్లా వార్తలు తీసి అందరికీ చదివి వినిపించే ఉద్యోగం కాలేషా నెత్తిన పడింది. జీతం లేదు, చాయ్ ఫ్రీ. అసలే మున్సిపల్ ఎన్నికల కాలం. ఇక్కడ విన్నది ఇక్కడితో ఆగదు. చెయ్యి కడుక్కోగానే ప్రతివాడూ ఇంటికి ఫోన్ చేసి ఓటెవరికి వెయ్యాలో చెబుతాడు.

"మా వార్డులో నిలబడిన ఆఫ్తాబ్ సాబు," కాలేషా గొంతు పెంచాడు, "ఇంటింటికీ కొళాయి వేయిస్తాడంట. పాపం, ఆయనింటి కొళాయికే నీళ్లు రావంట."

హోటలంతా ఘొల్లుమంది.

ఫ్యామిలీ సెక్షన్‌కి అడ్డంగా పెట్టిన ప్లైవుడ్ వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "చదివేటాయనా, నీళ్లు రావని పేపర్లో యాడుండాది?"

కాలేషా తడబడ్డాడు. "అది... నేను కలిపినా."

"నీళ్లు యాడినుంచి తెస్తాడో కింది పేరాలో చెప్పినాడు కదా. అదెందుకు మింగినారు?"

"సంగటితో పాటు లోపలికి పోయినట్టుండాది," అన్నారెవరో. ఈసారి నవ్వు కాలేషా మీద.

రెండు రోజులకు ఒక పాలీక్లినిక్ ల్యాబ్‌లో ఏసీ ఆగిపోయిందని కంపెనీ అతన్ని పంపింది. నిచ్చెనెక్కి ఫిల్టర్ విప్పుతుంటే కింద నుంచి అదే గొంతు. "మొత్తం కడగండి. సగం కడిగి మిగతాది మింగేయద్దు."

నిచ్చెన మీదున్నవాడు కిందికి చూడకూడదంటారు. కాలేషా చూశాడు. తెల్లకోటు, ఆకుపచ్చ స్కార్ఫ్, నవ్వు దాచుకోవడం చేతకాని కళ్లు. చేతిలో స్క్రూడ్రైవర్ జారి టేబుల్ మీద పడింది.

ఆమె పేరు సబీనా. ల్యాబ్ టెక్నీషియన్. రాయచోటి పిల్లే, బాబ్జాన్‌కు మేనకోడలు, ఆయన ఇంట్లోనే ఉంటోంది. ఆ రోజు ఏసీ బాగైంది, మనిషి పాడయ్యాడు.

తర్వాత ఎవరూ పిలవకపోయినా చెకింగ్ పేరుతో కాలేషా ల్యాబ్‌కి వెళ్తూనే ఉన్నాడు. శుక్రవారాలు ప్లైవుడ్ సందులోకి ఒక కన్ను వేసి, రెండో కన్నుతో వార్తలు చదివాడు. ఇప్పుడు మొత్తం చదివేవాడు. ఒక్క ఆఫ్తాబ్ సాబును మాత్రం వదల్లేకపోయాడు, నవ్వించడం మరిగిన నోరు కదా. ఆయన పేరు రాగానే ప్లైవుడ్ వెనక గొంతు మూగబోయేది. అది అతను గమనించలేదు.

నవంబరులో జిద్దాను వాన ముంచెత్తింది. షరఫియా రోడ్డు కాలవైపోయింది. ఓ టైలర్ షాపు చూరు కింద ఇద్దరూ ఇరుక్కున్నారు. ఇంతకంటే మంచి సమయం రాదనుకుని కాలేషా కళ్లు మూసుకుని చెప్పేశాడు.

"మీరంటే నాకిష్టం. మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుండాది."

సబీనా వానకేసి చూసింది. "నాకూ ఉండాది."

కాలేషా కాళ్లు నేల మీద నిలవలేదు.

"కానీ మా నాయన ఒప్పుకోవల్ల. ఆయన పేరు ఆఫ్తాబ్."

"ఏ ఆఫ్తాబ్?"

"కొళాయి ఆఫ్తాబ్."

కాళ్లు మళ్లీ నేలకు ఆనాయి. "ముందే చెప్పుండొచ్చు కదా?"

"చెప్పుంటే మీరాయన్ని పొగిడేటోళ్లు. అదీ అబద్ధమే అయ్యుండు." ఆమె గొంతు తగ్గించింది. "మామూ ప్రతి శుక్రవారం గల్లా మీద ఫోన్ కాల్‌లో పెట్టుంటాడు. జనం ఏమనుకుంటాండారో వినల్లని నాయనే పెట్టమన్నాడు. మీరన్నదంతా విన్నాడు."

"అంతా?"

"నవ్వులతో సహా. ఈ శుక్రవారం రిజల్ట్. గెలిస్తే అన్నీ మర్చిపోతాడు. ఓడిపోతే సగం మీ పుణ్యమే."

శుక్రవారం వచ్చింది. ఫోన్ తెరవగానే కాలేషాకు మొదట కనిపించింది ఆ వార్తే. ఆఫ్తాబ్ ఓడిపోయాడు.

రూమ్మేట్ వాజిద్ చెవిలో గొణిగాడు. "మీ కాబోయే మామ వార్త వదిలెయ్ భాయ్. నెట్ రాలేదని చెప్పు."

కాలేషా గల్లా మీద ఫోన్ వైపు చూశాడు. నలుగురి ముందు ఆయన ఓటమి దాస్తే పిల్లనిస్తాడేమో. కానీ ప్లైవుడ్ వెనక కూర్చున్న పిల్లకు ముఖం ఎలా చూపించాలి? గొంతు సవరించుకుని చదివాడు. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో, ఓడిన ఆఫ్తాబ్ సాబు పదవి లేకపోయినా కొళాయిల కోసం తిరుగుతూనే ఉంటానన్నాడని కూడా చదివాడు. ఎవరూ నవ్వలేదు.

అక్కడితో వార్త అయిపోయింది. కాలేషా మాత్రం ఆపలేదు. "ఇంకో వార్త. రాయచోటి వాసి, ఏసీ మెకానిక్ కాలేషా, ఆఫ్తాబ్ సాబును అకారణంగా ఎగతాళి చేసినందుకు సిగ్గుపడుతున్నాడు. ఆయన కూతురు సబీనాను పెళ్లాడాలని ఆశపడుతున్నాడు. పిల్ల ఒప్పుకుంది. తండ్రి నిర్ణయం తెలియాల్సి ఉంది."

గ్లాసులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. బాబ్జాన్ మెల్లగా ఫోన్ స్పీకర్ నొక్కాడు.

"పొద్దున్నించీ ఓడిపోయినానని ఇంట్లో ఒక్కరూ నోరు తెరిచి చెప్పలా," అంది ఫోన్‌లోంచి ఒక బొంగురు గొంతు. "అందురూ దాచినారు. నువ్వు చెప్పినావు. నీ వల్ల ఓట్లు పోయినాయి, ఆ కోపం నాకుండాది. నిఖాకు వచ్చినోళ్లందరి ముందర నా హామీలన్నీ నీతో చదివించి కసి తీర్చుకుంటా. మీ పెద్దోళ్లను ఇంటికి రమ్మను."

హోటల్ అదిరిపోయింది. బాబ్జాన్ ఆ పూట అందరికీ చాయ్ ఫ్రీ అన్నాడు. ఆ గోలలో సబీనా ప్లైవుడ్ దాటి నలుగురి మధ్యకీ వచ్చి అతని ఎదురుగా నిలబడింది. హోటలంతా వినేలా చదివే కాలేషా, ఫోన్ తలకిందులుగా పట్టుకుని ఆమెకు సలాం చెప్పాడు.

"మీ అమ్మకు ఫోన్ చేయండి," అంది సబీనా పక్క కుర్చీ లాక్కుని కూర్చుంటూ, "నేనూ మాట్లాడతా."