మూడో అంతస్తు మూల కంప్యూటర్

నాచారంలో ఆ బడి మూడో అంతస్తు కంప్యూటర్ ల్యాబ్‌కి చెడ్డపేరుంది. ఏడు దాటితే చీకట్లో కీబోర్డు — టక్... టక్... — దానంతటదే కొట్టుకుంటుందట. "పొద్దుగూకినంక అటు పోకుండ్రి" అని బడి నడిపే దేవానందం సారే స్టాఫ్ మీటింగ్‌లో చెప్పారంటే చూడండి!

ఉప్పల్ నుంచి వచ్చే కంప్యూటర్ టీచర్ ఉదయశ్రీ ఇలాంటివి నమ్మదు. పగటిపూట అసలే నమ్మదు.

ఆమె దిగులు వేరే. ల్యాబ్‌లోవన్నీ ముసలి కంప్యూటర్లు. అవి పిల్లలకు పనికొస్తాయని రేపటికల్లా చూపించకపోతే, అన్నీ తీయించి గదిని స్టోర్ రూమ్ చేస్తానన్నారు సార్. అందుకే చదువుల కోసం తయారైన ఓ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. నేరుగా ఎక్కించే ధైర్యం చాలక, మూల కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్ పెట్టింది. అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్. లోపల ఏం చేసినా అసలుదానికి ఏమీ కాదు. కాకపోతే స్క్రీన్ నిండా తెరిచాక బయటికి రావాలంటే కుడివైపు కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కాలి. తెలియనివాళ్లు ఇక లోపలే.

దాంట్లో రంగురంగుల బాతు బొమ్మతో మాట్లాడే టైపింగ్ ఆట... ఉదయశ్రీకే వదలబుద్ధి కాలేదు. పొద్దున సార్‌కి చూపిద్దామని అలాగే తెరిచి ఉంచి, తల్లిదండ్రుల మీటింగ్‌కి దిగింది.

మీటింగ్ అయ్యేసరికి ఏడున్నర. స్కూటీ తాళంచెవి చూస్తే... పైన ల్యాబ్‌లో!

మెట్ల దగ్గర ఆయమ్మ ఎలిజబెత్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు మేడమ్... ఇయ్యాల మాట్లాడుతుంది గూడ."

రెండో అంతస్తుకే వినబడింది. టక్... ఆ వెంటనే పసిపిల్ల గొంతు — "తప్పు... మళ్లీ కొట్టు..."

ఉదయశ్రీకి నవ్వొచ్చింది. తన ఆటే! కానీ తలుపు దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ ఆట ఊరికే మాట్లాడదు. ఎవరో ఒకరు మీట నొక్కితేనే మాట్లాడుతుంది...

లోపల్నుంచి ఇంకో గొంతు, బొంగురుగా — "ఇడిసిపెట్టు తల్లీ... నన్ను బయటికి పోనియ్యి..."

ఓ అడుగు వెనక్కి వేసింది. కానీ ఆ మూల కంప్యూటర్‌కి ఏమైనా అయితే రేపు చూపించడానికి ఏం మిగులుతుంది? కళ్లు మూసుకుని తలుపు తోసింది.

నీలం వెలుగులో చెమటపట్టిన ముఖం ఒకటి మెల్లగా ఇటు తిరిగింది...

దేవానందం సార్!

"గట్టిగ అరవకమ్మా" అన్నారు గుసగుసగా. "రోజు గీన్నే కూసోని యాన్యువల్ డే స్పీచ్ కొట్టుకుంటున్న. పన్నెండు రోజులాయె. ఇయ్యాల సూస్తే స్పీచ్ లేదు, గీ బాతుంది. అరగంటైంది, బయటికొచ్చే తొవ్వ దొర్కుతలేదు. బంద్ జేస్తే స్పీచ్ వోతదేమోనని భయం."

ఒక్క వేలితో టైపు కొట్టడం ఎవరి కంటా పడకూడదని ఇంత దెయ్యాన్ని పెంచి పోషించారన్నమాట! ఉదయశ్రీకి జాలేసింది. అంతకంటే ఎక్కువ నవ్వొచ్చింది. కంట్రోల్ మీద వేలు పెట్టింది గానీ నొక్కలేదు.

"మరి ల్యాబ్ సంగతేంది సార్?"

ఆయన బాతు వంక చూశారు. ఆమె వేలి వంక చూశారు.

"స్టోర్ రూమ్ ఎందుకులే... ఉండనియ్యి."

నొక్కింది. బాతు ఓ చిన్న డబ్బాలోకి ముడుచుకుపోయి, దాని వెనక పన్నెండు రోజుల స్పీచ్ ఫైలు పువ్వులా ప్రత్యక్షమైంది. సార్ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత తలుపు వైపోసారి చూసి, ఇంకా గొంతు తగ్గించి అడిగారు:

"మళ్ల లోపలికి ఎట్ల వోవాలె?"