విరగని మూల

"పదకొండు గంటలకు బోధన్ చక్కెర మిల్లులో బండ్లు తూచే కాటా దగ్గర చెరకు బండిలో బాంబు పేలుతుంది. అక్కడ నాలుగొందల మంది ఉంటారు. దొంగ గేట్ పాసు కొట్టిన ప్రెస్సువాణ్ణి పట్టుకో. బండి ఏదో కక్కించు." చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

1971 డిసెంబరు. యుద్ధం మొదలై వారం. మిల్లులోకి రోజూ కొత్తగా అచ్చేసిన పాసు ఉన్న బండ్లనే వదులుతున్నారు. బీమా ఏజెంటు వేషంలో గూఢచారి రాజమల్లు నిజామాబాద్ ప్రెస్సులో అడుగుపెట్టేసరికి తొమ్మిదిన్నర. వచ్చీరాగానే కంపోజిటర్ రామ్‌దాస్‌కు బేడీలు వేశాడు.

ఆధారం గట్టిదే. పాసు మీద 'చక్కెర' అన్న మాట సన్నగా, కోణాలు కోణాలుగా ఉంటుంది. గుండ్రటి తెలుగు అక్షరాన్ని అలా చెక్కిన మొండివాడు జిల్లాలో రామ్‌దాస్ ఒక్కడే. పెళ్లికార్డులకూ, నాటకాల పోస్టర్లకూ, మిల్లు పాసులకూ అదే టైపు. బాంబు కబురు పొక్కగానే దొంగ పాసును తెచ్చిచ్చింది డిపార్ట్‌మెంటు నమ్మిన ఏజెంటు, నాటకాల నటి రుక్మాబాయి. ఆమె నవ్వితే చీఫ్ ఫైలు కూడా చదవడు.

"బండి ఏదిరా?"

"నాకేమెరుక సారు? గా పాసు నేను కొట్టలే."

"అక్షరం నీదేగా?"

"ఓపారి సూడనియ్యి."

రాజమల్లు సిగరెట్ లైటర్ అడుగున దాచిన భూతద్దం తెరిచి చేతికిచ్చి, పాసును అతని ముఖాన విసిరాడు. రామ్‌దాస్ చూసి మూతి ముడిచాడు.

"గిది రేకు మీద దింపిన బ్లాకు సారు, పేర్చిన అక్షరం గాదు. నా సీసం అక్షరాలు సన్నగుంటయి, మిషిన్ల రోజింత ఇరుగుతయి. సోమారం 'చ' తలకట్టు మూల పోయింది. మంగళారం 'ర'ది పోయింది. గీ పాసుల 'చ' ఇరిగింది గని 'ర' నిండుగున్నది, తారీఖు ముద్రేమో ఇయ్యాల్టిది. సోమారం పాసు ఫొటో తీసి బ్లాకు చేయించిండ్రు."

"సోమవారం పాసు ఎవరికిచ్చావ్?"

"రుక్మాబాయికి. పోస్టర్లకని వచ్చి, అక్షరం మస్తున్నది, నమూనాకు ఒకటియ్యమన్నది. నా అక్షరాన్ని మెచ్చుకున్నది గామె ఒక్కతే."

రాజమల్లుకు చెంప పగిలినట్టయింది. తనను ఇక్కడికి తోలి, బండిని అక్కడికి పంపింది ఆమే. మిల్లుకు ఫోన్ చేస్తే లైన్ చచ్చి ఉంది. బేడీలతోనే రామ్‌దాస్‌ను జీపులో పడేశాడు.

పది యాభై ఐదు. కాటా ముందు ఇరవై బండ్లు. పాసు తర్వాత పాసు భూతద్దం కిందికి వెళ్లింది.

"ఇరిగింది, పో. ఇరిగింది, పో."

పదిహేడో బండి.

"సారు! గిది ఇరగలే!"

బండివాడు దూకి పారిపోతూ కాపలావాళ్ల చేతికి చిక్కాడు. చెరకు మీద కొంగు కప్పుకుని కూర్చున్న కూలి మనిషి కిందికి దిగి పిస్తోలు తీసింది. రాజమల్లు బూటుతో దాన్ని ఎగరగొట్టాడు. కొంగు జారింది. రుక్మాబాయి!

గడల కింద గడియారం టిక్కుమంటోంది. చెరకు కత్తి అందుకుని తీగ తెంపాడు. ఇంకా రెండు సెకన్లు మిగిలాయి.

"ఆ సన్నటి గీతల్ని ఎవడు చూస్తాడనుకున్నా," పళ్లు కొరికింది రుక్మాబాయి.

"మెచ్చుకున్నవు గని, నువ్వు సుత సూడలే అక్కా," అన్నాడు రామ్‌దాస్. అతనికి నిజంగానే బాధేసింది.

రాజమల్లు గొంతు సవరించుకున్నాడు. "చీఫ్‌తో చెప్పి నీకు గట్టి టైపు ఇప్పిస్తా."

"వద్దు సారు. ముందుగాల గీ బేడీలు తియ్యిండ్రి. రేపటి పాసులు కొట్టాలె. ఇంకో మూల ఇరగాల్నా వద్దా?"