లాభం, రెండు, మూడు

దారం చివర ఇనుప గుండు ఊగుతోంది. అటు, ఇటు. అటు, ఇటు.

రాజకుమారి కన్నార్పకుండా చూస్తూ లెక్కపెడుతోంది. పెదవులు కదులుతున్నాయి కాని, మాట బయటికి రావడం లేదు. పక్కన ఆమె మేనమామ కొడుకు దేవేంద్ర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలుచున్నాడు. ఇద్దరిదీ ఎనిమిదో తరగతే. దేవేంద్ర నాలుగు నెలలు పెద్ద. ఆ నాలుగు నెలలకే అతణ్ణి ‘బావా’ అని పిలవాలి.

“ఇరవై!” అంది రాజకుమారి.

దేవేంద్ర టక్కున మీట నొక్కాడు.

“ఎంతొచ్చింది బావా?”

“ముప్పై ఎనిమిది సెకన్లు.”

మిగతా బల్లల దగ్గర అందరికీ నలభై వచ్చింది. దారం పొడవు మీటరుంటే, గుండు ఇరవైసార్లు ఊగడానికి దాదాపు నలభై సెకన్లు పడుతుందని అనూరాధ మేడమ్ ముందే చెప్పారు. వెళ్లి, తిరిగి వస్తే ఒక ఊపు.

అది వాళ్ల బడి కాదు. చీపురుపల్లి స్టేషనుకు అవతల ఉన్న జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్. ఇంటర్ ఫిజిక్స్ ఎలా ఉంటుందో ముందుగా చూడడానికి, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలను శనివారాల్లో అక్కడికి తీసుకొస్తున్నారు. చివర్లో ఒక పరీక్ష పెడతారు. అందులో నెగ్గినవాళ్లకు మరుసటి వారం నుంచి ఏడాదంతా శనివారం క్లాసు ఉంటుంది. మిగిలినవాళ్లు మళ్లీ ఆ గుమ్మం తొక్కేది ఇంటర్‌లోనే.

ఆ క్లాసు రాజకుమారికి కావాలి. ఆ ల్యాబ్ అంటే ఆమెకు భయం. అయినా శనివారం ఎప్పుడొస్తుందా అని వారమంతా ఎదురుచూసేది.

“దిద్దీయే,” అన్నాడు దేవేంద్ర గొంతు తగ్గించి.

“ఏటి దిద్దడం?”

“నలబై అని రాసీయే. మేడమ్ ఇటే వస్తన్నారు. బేగి!”

రాజకుమారి చేతిలోని రబ్బరు కాగితం మీద గబగబా నడిచింది. ముప్పై ఎనిమిది పోయింది, నలభై వచ్చింది. మేడమ్ వంగి చూశారు. “బాగుంది” అని ముందుకు సాగారు.

ఆ ‘బాగుంది’ ఆమె చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

ఆటోలో ఇంటికి వస్తూ దేవేంద్ర ఇంకో కబురు చెప్పాడు.

“వచ్చే శనివారమే పరీక్ష. ఒక్కొక్కల్నే లోపలికి పిలిసి, గుండు ఊపి లెక్కెట్టమంటారట. వైవా అని ఉంటాదట.”

“వైవా అంటే?”

“ఎచ్చెర్ల నుంచి కొత్త సారొస్తాడు. ఎదురుగ్గా కూకోబెట్టి, కళ్లలోకి సూసి అడుగుతాడు. అబద్దం రాసినోళ్లకి నుదుటి మీద సెమట పట్టేస్తాదట. సూడగానే ఆయనకి తెలిసిపోద్దట.”

“నీకెవలు సెప్పారు?”

“ఇంటరు చదివే అన్నయ్యలు. ఒకడైతే సారుని సూసి తన పేరే మర్చిపోనాడట!”

దేవేంద్ర పకపకా నవ్వాడు. రాజకుమారికి నవ్వు రాలేదు. మెల్లగా నుదురు తడుముకుంది. చెమ్మగానే ఉంది.

తోడు లేకుండా, సారు ఎదుట, ఆ గుండును వదలాలి. మళ్లీ ముప్పై ఎనిమిదే వస్తే? అప్పుడు మేడమ్‌కు పాత కాగితం గుర్తొస్తుంది. ‘మరి ఆ నలభై ఎక్కడిది?’ అని అడుగుతారు. ఆ పూట కంచంలో అన్నం కంచంలోనే ఉండిపోయింది. తిన్నదాని కంటే కెలికింది ఎక్కువ.

మరునాడు పొద్దున్న కళ్లంలో ధాన్యం కొలుస్తున్నారు. కోతకు వచ్చినవాళ్లకు ఆ ఊళ్లో ఇప్పటికీ కూలి కింద ధాన్యమే ఇస్తారు. నాయనమ్మ లక్ష్మణమ్మ కుంచంతో కొలిచి పోస్తుంది. లెక్క చెప్పడం చిన్నప్పటి నుంచీ రాజకుమారి పని. మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకూడదు, ‘లాభం’ అనాలి. లాభంతో మొదలైతే ఇల్లు నిండుతుందని పెద్దల నమ్మకం. లాభం, రెండు, మూడు... ఆ పాట ఆమె నాలుక మీదే ఉంటుంది.

కాని ఆ రోజు ఆమె కళ్లు కళ్లంలో ఉన్నాయి, మనసు ల్యాబులో ఉంది. నాయనమ్మ కుంచాన్ని రాశిలోకి దించిందో లేదో, “లాభం” అనేసింది.

నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది.

“ఒసే గుంటా! కుంచం నిండనే నేదు, అప్పుడే లాభం అనీసావేటే?”

“అయితే ఏటైనాది?”

“ఏటైనాదా! పొయ్యక ముందే లెక్కెట్టీస్తే ఆళ్ల గోనిలో ఒక కుంచం తగ్గిపోదేటి? ఎండలో ఒల్లొంచి కోసినోళ్లే ఆళ్లు. ఆళ్ల కూడు మనం తినీడమే!”

రాజకుమారి అలాగే నిలబడిపోయింది. కళ్లెదుట కుంచం లేదు. దారం ఉంది, గుండు ఉంది. గుండును పట్టుకుని, వదులుతూ, పెదవుల మధ్య తాను అన్న మాట ఏమిటి?

లాభం.

గుండు ఇంకా కదలనే లేదు. వెళ్లలేదు, తిరిగి రాలేదు. ఊపు నిండక ముందే తాను లెక్కపెట్టేసింది. ఇరవై అన్నప్పుడు గుండు ఊగింది పంతొమ్మిదిసార్లే! ఒక ఊపు తగ్గింది, రెండు సెకన్లు తగ్గాయి.

“నాయినమ్మా! నా గుండు మంచిదేనే!”

“నీ గుండెకేటైందే?” అంది ముసలమ్మ కంగారుగా.

“గుండె కాదే, గుండు!”

“గుండేటి, గుండేటి! ముందు లెక్క సెప్పు.”

నాయనమ్మ నిండు కుంచాన్ని గోనిలోకి వంచింది. అది పూర్తిగా జారిన తరువాతే రాజకుమారి నోరు తెరిచింది. “లాభం.”

తప్పు దొరికింది. కాని భయం పోలేదు. ఆ ముప్పై ఎనిమిదిని ఉంచి ఉంటే, మేడమే అడిగి ఉండేవారు. తప్పు అక్కడికక్కడే దొరికి ఉండేది. చెరిపేసిన అంకెను ఎవరు అడుగుతారు?

శనివారం వచ్చింది. ల్యాబ్ తలుపు మూసి ఉంది. పిల్లలు వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఒక్కొక్క పేరే పిలుస్తున్నారు. పేరు వినపడినప్పుడల్లా అందరి భుజాలూ ఒక్కసారి ఉలిక్కిపడుతున్నాయి.

దేవేంద్ర లోపలికి వెళ్లి, తొందరగానే బయటికి వచ్చాడు.

“నలబై రాసీసాను.”

“లెక్కెట్టావా బావా?”

“లెక్కెందుకే పిచ్చిమొకమా? ఎలాగూ వచ్చేది నలబయ్యే కదా!”

“రాజకుమారి!” లోపలి నుంచి పిలుపు.

ఆమె లోపలికి నడిచింది. అనూరాధ మేడమ్ కిటికీ దగ్గర ఉన్నారు. బల్ల వెనుక కొత్త సారు కూర్చున్నారు. పేరు జగన్నాధం. ఆయన నవ్వలేదు. “మొదలుపెట్టు” అన్నారు.

ఈసారి వాచీ, లెక్క రెండూ తనవే. గుండును పక్కకు లాగి వదిలింది. వదులుతూ ‘సున్నా’ అనుకుంది. వెళ్లి తిరిగి వచ్చాక ‘ఒకటి’. అటు, ఇటు. రెండు. అటు, ఇటు. మూడు. గుండు కంటే గుండె వేగంగా కొట్టుకుంటోంది. ఇరవై దగ్గర మీట నొక్కి వాచీ చూసింది.

నలభై రెండు.

మళ్లీ చేసింది. మళ్లీ నలభై రెండే. ఇప్పుడేం చెయ్యాలి? ఎడమ చేతిలో రబ్బరు ఉంది. కాగితం మీద నలభై అని రాస్తే సరిపోతుంది. ఎవరూ అడగరు. క్లాసు దక్కుతుంది. నలభై రెండు రాస్తే...

కళ్ల ముందు నాయనమ్మ కుంచం కదిలింది. రాజకుమారి రబ్బరును బల్ల మీద, తనకు అందనంత దూరంగా పెట్టింది. నలభై రెండు అని రాసింది.

సారు కాగితం అందుకున్నారు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

“అందరికీ నలభై వచ్చింది. నీకు నలభై రెండు ఎందుకు వచ్చింది?”

“తెలీదండి.”

“తెలియనిది ఎందుకు రాశావు?”

నుదుటి మీద చెమట బొట్టు ఒకటి జారింది. ఆమె తుడుచుకోలేదు.

“నాకు వచ్చింది అదేనండి. పోయిన శనివారం ముప్పై ఎనిమిది వస్తే, చెరిపేసి నలభై రాశానండి. అప్పుడు వదలగానే ‘లాభం’ అనేశాను. ధాన్యం కొలిచే అలవాటండి. ఇప్పుడు సున్నా అనే అన్నాను. అయినా నలభై రాలేదు.”

మేడమ్ కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగారు. సారు కాగితాన్ని కింద పెట్టి, మొదటిసారి ఆమెను పూర్తిగా చూశారు.

“సరే. నీ లెక్క తప్పు కాదనుకుందాం. మరి ఆ రెండు సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయి?”

రాజకుమారి లోలకం వైపు చూసింది. దారం పొడవైతే ఊపు నెమ్మదిస్తుందని మేడమ్ చెప్పిన మాట గుర్తొచ్చింది. పోయిన వారం గుండు నేలకు ఇంత దగ్గరగా ఉందా?

“దారం కొలవచ్చాండీ?”

సారు తల ఊపారు. ఆమె మీటరు స్కేలును దారం పక్కన నిలబెట్టింది. స్కేలు అయిపోయింది. దారం అయిపోలేదు. ఇంకా పది సెంటీమీటర్లు మిగిలింది.

“అయ్యో!” అన్నారు మేడమ్. “పొద్దున్న పాత దారం తెగితే కొత్తది కట్టాను. తొందరలో కొలవలేదు. తప్పు నాదే.”

సారు బల్ల మీద ఉన్న కాగితాల దొంతరను ఒక్కొక్కటిగా తిరగేశారు. నలభై. నలభై. నలభై.

“అందరినీ మళ్లీ పిలవండి,” అన్నారు.

వరండాలో కబురు తెలియగానే దేవేంద్ర ముఖం పాలిపోయింది. బయటికి వచ్చిన రాజకుమారి చెయ్యి పట్టుకున్నాడు.

“ఒసే, నీకెంతొచ్చిందే? సెప్పవే, నీకు దండం పెడతాను!”

“సెప్పను బావా. నువ్వే లెక్కెట్టు.”

“ఆ సారు నన్ను సంపీస్తాడే!”

“సంపడు. నానూ సెమట కారుస్తూనే సెప్పాను. వదిలినప్పుడు మాత్రం సున్నా అను.”

దేవేంద్ర బిక్కమొహంతో లోపలికి వెళ్లాడు. రాజకుమారి తలుపు దగ్గరే ఆగి, మేడమ్‌ను అడిగి పోయిన వారం కాగితం తీసుకుంది. రబ్బరు ముట్టుకోలేదు. నలభై మీద కనబడేటట్టు ఒక్క గీత గీసింది. పక్కన ముప్పై ఎనిమిది అని రాసింది. దాని కింద, ‘ఒక ఊపు తక్కువ లెక్కపెట్టాను’ అని చిన్న అక్షరాలతో రాసి తిరిగి ఇచ్చింది.

మేడమ్ చదివారు. ఈసారి ‘బాగుంది’ అనలేదు.

“వచ్చే శనివారం కాస్త ముందుగా రా,” అన్నారు. “దారాలన్నీ నువ్వే కొలవాలి.”

లోపల గుండు కదిలింది. దేవేంద్ర గొంతు సన్నగా, భయం భయంగా బయటికి వినిపించింది.

“సున్నా... ఒకటి...”