మట్టి వేలు

ఆమెకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. పాప ఎవరికో బాగా అలవాటు పడ్డాక, ఆ మనిషి బ్యాగు సర్దుకుని వెళ్ళిపోవడం. పాప నాన్న అలాగే వెళ్ళాడు.

అందుకే, తను సీసాలు కడిగే ల్యాబులో పరిశోధన కోసం పాచి పెంచే కుర్రాడికి తెగేసి చెప్పింది.

"మా పాపని నవ్వించకండి."

"నేను నవ్వించట్లేదండీ. నా మొహమే అంత."

ఆమెకి నవ్వాగలేదు. గబుక్కున సింకు వైపు తిరిగిపోయింది.

కానీ ఈ మధ్య ఆ మొహం వాడిపోయింది. ఒక్క బాక్టీరియా కూడా లేకుండా శుభ్రంగా పెంచాలని అతని పంతం. పాచేమో రోజురోజుకీ పాలిపోతోంది. ఇది బతక్కపోతే అతను వేరే ఊళ్ళో ఉద్యోగం వెతుక్కోవాల్సిందే.

పోయిన వారం, ఆమెతో ల్యాబుకొచ్చిన పాప వరండా కుండీలో ఆడుకుని వచ్చి, ఒక పాచి సీసాలో మట్టి వేలు ముంచింది. ఆమె హడలిపోయి ఆ సీసాని కిటికీ పక్కన, డబ్బాల వెనక దాచేసింది.

ఇవాళ అది అతని కంటపడింది.

"ఇదెవరి పని?"

"పాపనేం అనకండి. దాచింది నేనే, నన్ను తిట్టండి."

"తిట్టడమా! ముందు చూడండి."

అన్ని సీసాలూ వెలవెలబోతుంటే అదొక్కటే పచ్చగా నిగనిగలాడుతోంది.

"పాచికి బి12 విటమిన్ కావాలి, సొంతంగా చేసుకోలేదు. మట్టిలో ఉండే బాక్టీరియా ఆ విటమిన్ని తయారుచేసి నీళ్ళలోకి వదుల్తుంది. పాచి ఒంటిమీద దాన్ని పట్టుకునే ప్రోటీన్ ఉంటుంది. ఠక్కున పట్టి లోపలికి లాక్కుంటుంది."

"మరి బాక్టీరియాకేంటి లాభం?"

"పాచి తిండి పెడుతుందిగా!"

"ఓహో, ఇల్లరికపు అల్లుడన్నమాట."

అతను పకపకా నవ్వాడు. తర్వాత సీసా వైపే చూస్తూ అన్నాడు.

"అంత శుభ్రంగా, ఒంటరిగా బతకడం దీనివల్ల కాదండీ. నావల్లా కాదు."

ఈసారి ఆమె సింకు వైపు తిరగలేదు.

"అయితే బ్యాగు సర్దరుగా?"

"సర్దుతాను. మీరు ఇల్లరికం రమ్మంటే."

"మా అమ్మ మిమ్మల్ని ఆదివారం భోజనానికి తీసుకురమ్మని ఎప్పట్నుంచో పోరుతోంది. నేనే..."

"మీరే?"

"భయపడ్డాను."

కిటికీ అవతల వాన మొదలైంది. పాప ఎక్కడుందో చూసుకోవడం ఆమె మొదటిసారి మర్చిపోయింది. వాళ్ళనిప్పుడు పిలిచి లాభం లేదు. మీరే కాస్త వరండాలోకి తొంగి చూద్దురూ, ఆ పిల్ల మళ్ళీ కుండీలో చేతులు పెట్టిందేమో!