చదివినవారి మాట

ఆమె ఆవులించింది. అద్దానికి అవతల కూర్చున్న అతను టక్కున రికార్డింగ్ ఆపేశాడు.

"మేడమ్, ఆవలింత పడింది."

"ఉంచెయ్యండి. ఈ పుస్తకం గురించి అంతకన్నా బాగా నేను చెప్పలేను."

వాళ్ళిద్దరి మధ్య మొదటి సంభాషణ అదే.

అది ఆడియో పుస్తకాలు తయారుచేసే చిన్న స్టూడియో. నడిపేది అతని పెద్దమ్మ. చదివేవాళ్ళను అక్కడ అందరూ గొంతుగారంటారు. చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మీటల ముందు కూర్చునే అతను చెవిగారు.

ఆమె చదువుతున్నది పెద్దాయన కొత్త నవల. ఆ రచయితను పాఠకులంతా అలాగే పిలుస్తారు. కథ రాబోయే కాలంలో ఒక నగరానిది. అక్కడ ప్రభుత్వం చెప్పిన అభిప్రాయమే అందరూ చెప్పాలి, లేదంటే గోడ అవతలికి గెంటేస్తారు. కాలేజీలో లెక్కల పుస్తకం మాటున పెద్దాయన నవలలు చదివిన పిల్ల ఆమె. ఇది తన చేతికి వచ్చిన రోజు సంతోషంతో అన్నం సయించలేదు. ఇప్పుడేమో నాలుక పీకుతోంది.

ఆ వారమంతా వాన. పైకప్పు రేకుల మీద చినుకు పడితే ఆ చప్పుడు మైకు పట్టేస్తుంది కాబట్టి పని ఆపాల్సిందే. వాన ఆగేదాకా వరండా బల్ల మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని టీ తాగుతూ పోట్లాడుకునేవారు.

"కథానాయిక మొదటి అధ్యాయంలో కిటికీ దగ్గర నిలబడింది. ఇప్పటికీ అక్కడే ఉంది. కాళ్ళు లాగవా ఆవిడకి?" అంది ఒకరోజు.

"అది ప్రతీకండీ."

"ప్రతీకైతే కుర్చీ వెయ్యకూడదా?"

అతనికి నవ్వొచ్చింది కానీ టీతో పాటు మింగేశాడు. పెద్దాయన మీద ఈగ వాలనివ్వడు మరి. ఫోనులో సమీక్షలు తీసి ఆమెకు చదివి వినిపించాడు. అందరూ అద్భుతమన్నవాళ్ళే. అర్థం కాకపోతే పాఠకుడే ఎదగాలని ఒకాయన కోప్పడ్డాడు. ఆమె తన అన్ననీ, వదిననీ, పక్కింటి లెక్చరర్‌నీ అడిగింది. అంతా ఆహా అన్నారు. ఎంతవరకు చదివారంటే మాత్రం మాట మార్చారు.

"వాళ్ళకి పేజీలు దాటేసే వీలుంది. నేను ప్రతి అక్షరం నోటితో మొయ్యాలి, మీరు చెవితో మొయ్యాలి," అంది ఆమె. పెద్దాయన పాత నవలల్లో వాక్యాలు అతను కంఠతా అప్పజెప్పడం ఆమె చాలాసార్లు వింది. "ఈ నవల్లోంచి ఒక్క వాక్యం చెప్పండి చూద్దాం."

అతను చూరు వంక చూశాడు.

"వాన తగ్గినట్టుంది," అన్నాడు. తగ్గలేదు.

ఆ స్టూడియోలో ఒక ఆచారం ఉంది. పుస్తకం పూర్తయ్యాక చదివినవారు ఒక నిమిషం తమ సొంత మాట చెప్పాలి. రాసుకోకూడదు. వినేవాళ్ళు ఆ నిమిషం కోసం కాచుకుని ఉంటారు. పెట్టింది పెద్దమ్మే.

ఆమె మంచినీళ్ళు తాగి మైకు దగ్గరికి జరిగింది.

"ఈ రచయిత నాకు చదవడం నేర్పారు. అందుకే ఈ పుస్తకం నన్ను బాధపెట్టింది. ఇందులో మనుషులకు బదులు ఉపన్యాసాలు తిరుగుతున్నాయి. అభిమానం ఉన్నవాళ్ళకే నిరాశ కలుగుతుంది, లేనివాళ్ళకి పోయిందేముంది?"

పెద్దమ్మ విన్నది. మొహం ముడుచుకుంది. పెద్దాయన తన పాత నవలలన్నీ తర్వాత ఈ స్టూడియోకే ఇస్తానన్నారు, వాటికి గొంతు ఈ అమ్మాయిదేనని ఆవిడ ఖాయం చేసుకుంది కూడా. రెండు మంచి మాటలు చెప్పి మళ్ళీ రికార్డు చెయ్యమని బతిమాలింది. కాదంటే ఆ పుస్తకాలు వేరేవాళ్ళు చదువుతారని చివరికి చెప్పేసింది.

ఆమె పెదవి కొరుక్కుంది. ఆ నవలలు చదవాలన్నది ఆమెకు కాలేజీ నాటి కల.

"వాటిని చదివే నోటితో అబద్ధం చెప్పలేనండి," అంది.

పెద్దమ్మ అతనివైపు తిరిగింది. "చెరిపెయ్యరా."

అతను మీటల మీంచి చెయ్యి తీసేశాడు.

"చెరపను పెద్దమ్మా. నాకూ నచ్చలేదు."

ఆ మాట ఇన్నాళ్ళూ తనలోనే అణచుకున్నాడు. అన్నాక ఊపిరాడింది.

"ఈ అమ్మాయి కోసం అంటున్నావా?"

"ఈవిడ కోసమైతే మొదటి రోజే అనేవాణ్ణి. ఆ నవల్లో జనం చట్టానికి భయపడి ఒకే మాట అంటారు. మనకి ఏ చట్టం ఉందని?"

పెద్దమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది. తర్వాత, ఆ నవల తానూ సగంలోనే వదిలేశానని గొణిగింది. ఉన్నది ఉన్నట్టే పంపమంది.

పుస్తకం విడుదలయ్యాక ఫోన్లు మోగాయి. ఈవిడెవరు చెప్పడానికని కొందరు తిట్టారు. పెద్దాయన నవలల్నే నమ్ముకుని పెరిగిన ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఇది నచ్చకపోయేసరికి తనకే మతి పోయిందేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డానని చెప్పి హాయిగా నవ్వింది.  పెద్దాయన మాత్రం తన పాత నవలలు వేరే స్టూడియోకి ఇచ్చేశారు.

ఆ కబురు విన్న రోజు ఆమె రికార్డింగ్ గదిలో ఒంటరిగా కూర్చుంది. తప్పు చేశానని ఒక్కసారి కూడా అనుకోలేదు. అయినా కన్నీళ్ళు ఆగలేదు.

తలుపు తోసుకుని అతను లోపలికి వచ్చాడు. అద్దం ఇవతలికి అతను రావడం అదే మొదలు. చేతిలో పెద్దాయన తొలి నవల, అట్ట ఊడిపోయిన తన సొంత ప్రతి.

"నాకు చదివి వినిపిస్తారా? రికార్డింగ్ లేదు. నేనొక్కణ్ణే వింటాను."

"ఎంతవరకు?"

"అయిపోయేదాకా. అయ్యాక ఇంకోటి. అవీ అయిపోతే మీరు మాట్లాడండి, వింటూ ఉంటాను. మన పెళ్ళయ్యాక కూడా."

ఆమె పైట కొంగుతో కళ్ళు తుడుచుకుని, అతన్ని నిదానంగా పరికించింది.

"ఒక షరతు. నచ్చనిది ఏ రోజుకారోజే చెప్పాలి. ఇన్నాళ్ళు నానబెట్టకూడదు."

"సరే. మరి నచ్చింది?"

"అదీ అంతే."

"అయితే చాలా ఆలస్యం చేశానండీ," అన్నాడు అతను, చెవులు ఎర్రబడుతుండగా.

ఆమె మొదటి పేజీ తీసింది. అక్షరాలు కనిపించలేదు.

"ఏం మించిపోలేదు. కూర్చోండి," అంది.