ధననాడికి అందని చుట్టరికం

2074 నాటికి పాలకొండలో పళ్ళు పీకడం మానేసి ఒక తరం గడిచిపోయింది. పుచ్చిన చోట మొలకలేపనం రాసి, నీలికాంతి కింద కాసేపు కూర్చోబెడితే చాలు, కొత్త పన్ను చిగురులా తోసుకొచ్చేది. పిల్లలు ఆ కుర్చీలోనే హాయిగా కునుకు తీసేవారు. ఒకప్పుడు డ్రిల్లు మోత వింటేనే పెద్దపెద్ద మీసాలవాళ్ళు సైతం వీధిలోకి పరుగెత్తేవారని చెబితే పకపకా నవ్వేవారు.

డాక్టర్ తవిటినాయుడికి మాత్రం ఆ మోత లేదని ఇప్పటికీ బెంగే. మోతతోపాటు మార్చి నెల హడావిడి కూడా పోయింది మరి! ఆ రోజుల్లో ఆడిటర్ సాంబమూర్తి వచ్చి, బిల్లులన్నీ దుప్పటి మీద కుమ్మరించి, వేడి పకోడీలు నములుతూ చెడామడా తిట్టేవాడు. కుర్చీకి తరుగుదల ఎందుకు చూపలేదు, అడ్వాన్సు ట్యాక్సు ఎందుకు కట్టలేదు, క్లినిక్ సొమ్ముతో ఇంటికి బియ్యం బస్తా ఎందుకు కొన్నావు అని. తిట్లయ్యాక ఇద్దరూ కలిసి భోంచేసేవారు. ఎంత బాగుండేదో!

ఇప్పుడు సాంబమూర్తి లేడు. ఆయన పని చేసేది గోడకున్న ధననాడి. పళ్ళెమంత గుండ్రటి పరికరం. వైద్యుడు రోగి నాడి చూసినట్టు అది క్లినిక్ సొమ్ము నాడి చూస్తుంది. గదిలో ప్రతి మాటా వింటుంది. వైద్యం పూర్తవగానే ఫీజు తీసుకుని, ట్యాక్సుకింత, జీతాలకింత, అప్పు మీద కొన్న కుర్చీ వాయిదాకింత, ముసలితనానికింత అని అక్కడికక్కడే పంచేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే పచ్చదీపం. ఏడాదిగా దీపం పచ్చగానే ఉంది కదా అని తవిటినాయుడు ఖాతాల ముఖమే చూడలేదు.

జనవరిలో ఒక ఉదయం దీపం ఎర్రబడింది.

"డాక్టర్ గారూ, కుర్చీ వాయిదాలకు నిధి లేదు. మార్చి ముగిసేలోగా కట్టకపోతే, అప్పిచ్చిన చెయిన్ ఆసుపత్రికి ఈ క్లినిక్ దఖలవుతుంది" అంది ధననాడి.

"అదేటి? నిన్నటిదాకా పచ్చగా ఉన్నావు కదా!"

"ట్యాక్సు బకాయి లేదు, అందుకే పచ్చగా ఉన్నాను. ఆదాయం లేదు, అందుకే ట్యాక్సు లేదు. ఈ ఏడాది మీరు ఎక్కువగా బంధువులకే వైద్యం చేశారు. సొంతవాళ్ళ దగ్గర నేను ఫీజు తీసుకోను."

తవిటినాయుడు వెంటనే యంత్రం చేసినవాళ్ళకు కబురు పెట్టాడు.

యంత్రాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త కైవల్య హైదరాబాదు నుంచి వచ్చింది. రోజంతా పాత సంభాషణలు విని, కళ్ళజోడు తీసి నవ్వాపుకోలేకపోయింది.

"ఊళ్ళో సగంమంది మీకు చుట్టాలేనా అండీ? ఒకావిడ మిమ్మల్ని తమ్ముడా అంటుంది. ఆమె మొగుడేమో మామా అంటాడు!"

"మాకలాగే అలవాటమ్మా. పేరెట్టి పిలిస్తే బాగోదు. మీ దగ్గర ఎలా పిలుచుకుంటారు?"

"ఫ్లాట్ నంబరుతో" అంది కైవల్య. ఆ తర్వాత ఆ అమ్మాయి నవ్వలేదు.

తప్పు ఎక్కడుందో దొరికింది. పిలుపునిబట్టి ధననాడి వంశవృక్షం అల్లుకుంటూ పోయింది. కైవల్య దాన్ని సరిదిద్దింది. ఇకనుంచి రోగి కూర్చోగానే 'బంధువా?' అని ఆ మనిషినే అడుగుతుంది. "మనుషులు ఇంత చిన్న విషయానికి అబద్ధం ఆడరు లెండి" అంటూ రైలెక్కి వెళ్ళిపోయింది.

పిచ్చిపిల్ల! మర్నాటికే క్లినిక్ అప్పు సంగతీ, ధననాడి అడిగే ప్రశ్నా బజారంతా పాకాయి. ఎన్నడూ 'ఏమయ్యా డాక్టరూ' అని తప్ప పలకరించని కాంట్రాక్టరు చలపతి, తలుపు దగ్గరనుంచే చేతులు చాచాడు.

"బావా! ఎన్నాళ్ళయింది బావా!"

"బంధువా?" అంది ధననాడి.

"ఏటలా అడుగుతావు? రక్తసంబంధం!" అన్నాడు చలపతి, నోరంతా తెరిచి చూపిస్తూ.

అతని వెనక బట్టల కొట్టు యజమాని, అతని వెనక సినిమా హాలు మేనేజరు. అందరూ అన్నదమ్ములే. తవిటినాయుడికి కాదనడానికి నోరు రాలేదు. ఎర్రదీపం మరింత ఎర్రబడింది.

అప్పుడు వచ్చింది చింతపండు అమ్మే గౌరమ్మ. తవిటినాయుడు కుర్రడాక్టరుగా ఊళ్ళో అడుగుపెట్టిన నాటినుంచీ 'తమ్ముడా' అని తప్ప మరో మాట ఎరగదు. ఆయనకూ ఆమె అప్పే, అంటే అక్కే.

"దండాలు డాక్టరుబాబూ" అంది.

ఆయన చేతిలో అద్దం ఆగిపోయింది. "ఏటి గౌరప్పా, నన్ను బాబూ అంతన్నావేటి?"

గౌరమ్మ ఆయన వైపు చూడనే లేదు.

"బంధువా?" అడిగింది ధననాడి.

"కాదు. ఈ బాబెవరో నాకు తెల్దు. ఫీజు తీసుకో."

పచ్చి అబద్ధం అంత గట్టిగా ఆ గదిలో ఎవరూ చెప్పలేదు. తవిటినాయుడు తల వంచుకుని లేపనం రాశాడు.  ఆమె వెనక చేపల సత్తెమ్మ, కుండల దాలినాయుడు, పూల పైడమ్మ వరసగా వచ్చారు. ఫిబ్రవరంతా వస్తూనే ఉన్నారు. నొప్పిలేనివాళ్ళు కూడా పళ్ళు శుభ్రం చేయించుకుని పోయారు. ఒక్కరూ వరస కలపలేదు. నలభై ఏళ్ళ పిలుపులు ఒక్కసారిగా ఎండిపోయినట్టయింది ఆయనకు. క్లినిక్ పోయినా ఇంత బాధ ఉండదేమో అనిపించింది.

మార్చి ఆఖరులో దీపం పచ్చబడింది.

"వాయిదాలన్నీ కట్టేశాను. క్లినిక్ మీదే" అంది ధననాడి. "ఒక సందేహం డాక్టర్ గారూ. బంధువులమన్నవారి వల్ల మీకు నష్టమే వచ్చింది. కాదన్నవారు నిధి నింపారు. బంధువు అన్న మాటకు నా దగ్గరున్న అర్థం తప్పా?"

 కిటికీలోంచి ఆయనకు గౌరమ్మ చింతపండు తట్టతో పోతూ కనిపించింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తి అడ్డంగా నిలబడ్డాడు.

"నానేం తప్పు సేసినానని నన్ను పరాయోడిని సేసేసినారు?"

గౌరమ్మ క్లినిక్ గోడకేసి చూసింది. "దానికి ఇక్కడి మాట ఇనబడతాదా?"

"వినబడదు."

ఆమె తట్ట దించి, కొంగుతో ఆయన నుదుటి చెమట తుడిచింది.

"నీ ఆసుపత్రి ఎవలికో ఇచ్చీమంటావేటి తమ్ముడా? కాళ్ళు కాలతన్నాయి, లోనికి పో."